ఏడో పుస్తకం

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రోజుల్లో ‘పూర్వ పరిశోధనల సమీక్ష’ అన్న మాట వింటేనే నాకు పారిపోవాలనిపించేది. డెబ్బైల మొదట్లో సంగతి. రేపల్లెలో టీచరుగా పనిచేస్తూ, మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తానని గొప్పగా చెప్పేశాను. విషయం, పిల్లల్లో పరీక్షల భయం. ఉపోద్ఘాతం చకచకా రాసేశాను (భయం గురించి నాకు ఒకరు నేర్పక్కర్లేదు). సమీక్ష దగ్గరే చిక్కొచ్చింది. తెనాలి లైబ్రరీలో పనికొచ్చే పుస్తకం ఒక్కటే దొరికింది. దాని వెనక పేజీల్లో ఉన్న పన్నెండు పుస్తకాల పేర్లూ, అన్నీ చదివినదానిలా, గుండ్రటి అక్షరాలతో దించేశాను.

బాపట్లలో ఉండే మా పరిశోధన గైడు గారిని మేం ‘మౌనం మాస్టారు’ అనేవాళ్ళం. నా కాగితాలు చూస్తున్న ఆయన పెన్సిలు ఏడో పేరు దగ్గర ఆగింది.

“ఇందులో ఈయన ఏం చెప్పాడమ్మా?”

“పిల్లల భయంలో సగం పెద్దవాళ్ళదేనన్నారండి” అన్నాను.

“బాగుందే. రేపు ఆ పుస్తకం తీసుకురా. ఎల్లుండి ఈ కాగితాలు యూనివర్సిటీ కమిటీకి పంపాలి.”

మర్నాడు మొదటి బండికి తెనాలి చేరి, లైబ్రరీ తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. లైబ్రేరియన్ (అందరికీ ఆయన బాబాయి గారే) కార్డులన్నీ తిరగేసి, “ఇది మన దగ్గర ఎప్పుడూ లేదమ్మా. ఎక్కడ విన్నావు దీని పేరు?” అన్నారు. మీరిచ్చిన పుస్తకం వెనకాలేనని చెప్పలేక బయటపడ్డాను. బాపట్ల బండిలో కూర్చుని అబద్ధాలు అల్లాను. పుస్తకం తడిసిందని, ఎవరో పట్టుకెళ్ళారని. నిడుబ్రోలు దాటేసరికి ఒక్కటీ నిలవలేదు.

మాస్టారి గుమ్మంలోనే చెప్పేశాను. “ఆ పన్నెండింటిలో ఒక్కటీ చదవలేదండి. వాటి పేర్లున్న పుస్తకం ఒక్కటే చదివాను.”

ఆయన నా కాగితాలు తెచ్చి మళ్ళీ ఏడో పేరు దగ్గర పెన్సిలు పెట్టారు. పరిశోధన పోయింది, పరువూ పోయిందనుకున్నాను.

“ఆ ఏడోది నా దగ్గరుందమ్మా. అదంతా ఎలుకల గురించి. అందులో పిల్లలే లేరు. మరి ఆ మాట ఎవరిది?”

“నాదేనండి. మా క్లాసు పిల్లల్ని చూస్తే అనిపించింది.”

“అయితే ఉపోద్ఘాతంలో నీ మాటగానే రాయి. సమీక్షలో చదివిన ఒక్కదాని గురించే రాయి. మిగతావి కొట్టెయ్.”

వాళ్ళ అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా రాశాను. కమిటీ వాళ్ళు ‘సమీక్ష మరీ చిన్నది, ఇంకా చదివి మళ్ళీ పంపండి’ అని తిప్పి పంపారు. చదవడానికి ఏడాది పట్టింది. అంత ఆకలిగా మళ్ళీ ఎన్నడూ చదవలేదు. ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే పది నిమిషాల్లో కునుకొస్తుంది. లైబ్రరీ మెట్ల మీద కూర్చున్న ఆనాటి పిల్ల చూస్తే నన్నేమనేదో.