గోడ దాటిన గిన్నె

చలి మొదలై సంతలోకి కొత్త బఠాణీ కాయలు రాగానే, ఢిల్లీ పక్కన వైశాలిలోని మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని వాటిని వలుస్తుంటే, గోరు కింద కాయ చిట్లినప్పుడు వచ్చే ఆ పచ్చి తియ్యటి వాసనకి నాకు వంటకాలకంటే ముందు రెండు ఇంగ్లీషు మాటలు గుర్తొస్తాయి: బారో, లెండ్. నవ్వకండి, ఆ రెండు మాటల కోసం మా అమ్మ ఏడాదిపాటు పట్టిన పంతం నేను కళ్ళారా చూశాను.

అప్పుడు మేం జనక్‌పురిలో ఉండేవాళ్ళం. నాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. అమ్మ తెనాలిలో తెలుగు మీడియంలో డిగ్రీ చదివి, పెళ్ళయి ఢిల్లీ వచ్చి, మా వీధి చివరి చిన్నపిల్లల బడిలో టీచరు కావాలని గట్టిగా కోరుకుంది. తీరా ఇంటర్వ్యూలో, పెన్సిలు మరిచిపోయిన పిల్లవాడు పక్కవాణ్ణి ఏమని అడగాలో చెప్పమంటే, "లెండ్ మీ" అనాల్సిన చోట "బారో మీ" అంది. మన ఇళ్ళలో పంచదార తెచ్చుకున్నా బదులే, ఇచ్చినా బదులే కదా! ప్రిన్సిపాల్ మర్యాదగా టీ ఇచ్చి పంపేసింది. అమ్మ ఇంటికొచ్చి, నేత చీర మడత పెడుతూ, కళ్ళు తుడుచుకోకుండానే నాన్నతో అంది:

"మళ్ళీ ఏడు కూడా వెళ్తానండీ. విసుగొస్తే వాళ్ళకి రావాలిగానీ నాకు రాదు."

ఆ చలికాలమంతా అమ్మ ఇంగ్లీషు బడి మా ఇంటి డాబా మీదే. మంచు విడిచి ఎండ పడగానే రజాయిలు ఆరేసి, చాపలు పరిచి, మా ఆడవాళ్ళు బఠాణీలు, పక్కింటి ఆడవాళ్ళు ఆవకూర ముందేసుకుని కూర్చునేవారు. మేం పిల్లలం రేవడీలు, అంటే నువ్వుల బిళ్ళలు, చప్పరిస్తూ, నువ్వులు పళ్ళలో ఇరుక్కుంటే నాలుకతో తీసుకుంటూ, పెంకుముక్కలు పేర్చి బంతితో కొట్టి పరుగులు తీసేవాళ్ళం. పక్కింటి డాబాకీ మాకూ నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడకి అవతల వీణా ఆంటీ, పంజాబీ ఆవిడ, గట్టి గొంతు, పెద్ద నవ్వు.

ఆ గోడ మీదుగా మా స్టీలు గిన్నె రోజూ అటూ ఇటూ తిరిగేది. దాని మీద అమ్మ పేరు, సుభద్ర అని, చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉండేది. తెలుగు అక్షరాలు జిలేబీల్లా ఉంటాయని ఆంటీకి అది జిలేబీల గిన్నె. ఎవరింటి నుంచి ఎవరింటికెళ్ళినా గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. పంచదార తెచ్చుకుంటే మర్నాడు సున్నుండో, కాస్త పులిహోరో పెట్టి పంపేది అమ్మ.

ఇంటర్వ్యూ సంగతి తెలిశాక ఆ గిన్నెతోనే అమ్మకి పాఠం: అమ్మ గిన్నె అందిస్తూ "ఐ బారో" అనాలి, ఆంటీ పంచదార పోస్తూ "ఐ లెండ్" అనాలి. మర్నాడు తిరగేసి. ఆంటీ ఇంగ్లీషు అమ్మకంటే ఏమంత గొప్పది కాదు, కానీ ఆవిడకి దేనికీ బెరుకు లేదు. హియర్‌కీ లిజన్‌కీ తేడా ఆవిడే చెప్పింది, వాళ్ళాయన్ని చూపించి: ఆంటీ మాటలు ఆయన చెవిన పడతాయి, అది హియర్, చచ్చినా లిజన్ చెయ్యడు. డాబా అంతా నవ్వులు.

ఒకరోజు మంచినీళ్ళ కోసం వాళ్ళ వంటింట్లోకి వెళితే, పంచదార డబ్బా నిండుగా ఉంది. అప్పుడే ఆంటీ పైన గోడ దగ్గర మా అమ్మని పంచదార అడుగుతోంది! పరుగున వెళ్ళి చెప్పేశాను.

"అంత పంచదార ఉండగా ఎందుకు దీదీ?" అంది అమ్మ హిందీలో.

"తూ బోల్, సుభద్రా. బోల్, ఐ లెండ్," అంది ఆంటీ, నువ్వా మాట అను చాలు అన్నట్టు.



మరుసటేడు ఇంటర్వ్యూకి నన్నూ వెంట తీసుకెళ్ళింది అమ్మ. తలుపు పక్క బల్ల మీద కూర్చుని అంతా చూశాను. పసిపిల్లలకి ఈ రెండు మాటల తేడా ఎలా చెబుతారని అదే ప్రిన్సిపాల్ అడగ్గానే, అమ్మ ఆవిడ బల్ల మీది పెన్ను తీసుకుని, "మేడమ్, ఐ బారో. యూ లెండ్" అంది. పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు అలవాటు కొద్దీ సంచిలోంచి రెండు రేవడీలు తీసి దాని పక్కన పెట్టేసింది. ప్రిన్సిపాల్ వాటికేసి చూసి, ఒకటి నోట్లో వేసుకుని నవ్వింది. ఆ బడిలో అమ్మ రిటైరయ్యే దాకా పని చేసింది.

ఇప్పుడు ఆ రెండిళ్ళూ పడగొట్టి అంతస్తులు కట్టారు. డాబాకి తాళం. వీణా ఆంటీ లేదు. జిలేబీల గిన్నె నా దగ్గరుంది.

నిన్న మా అమ్మాయి తన్వి హోంవర్కు తీసుకుని బాల్కనీలోకి వచ్చింది. బారోకీ లెండ్‌కీ తేడా రాయాలట. గిన్నె సంగతి మొదలుపెట్టి, పక్కవాళ్ళని అడిగి తెచ్చుకుంటాం చూడూ అంటుండగానే అడ్డొచ్చింది.

"మమ్మీ, హమ్ తో కిసీసే కుఛ్ మాంగ్‌తే హీ నహీఁ."

నిజమే, మేం ఎవర్నీ ఏదీ అడగనే అడగం. ఏది కావాలన్నా ఫోన్‌లో నొక్కితే గుమ్మంలోకి వస్తుంది. ఎదురు ఫ్లాట్లో ఉంటున్నవాళ్ళ పేరు కూడా నాకు తెలియదు. సిగ్గేసింది, ఆ వెంటనే పౌరుషమూ వచ్చింది. బఠాణీల పళ్ళెం పక్కన పెట్టి లేచి, గిన్నె కడిగి తుడిచి తన్వి చేతిలో పెట్టాను.

"పద. నువ్వే అడగాలి."

"క్యా మాంగూఁ?"

"పంచదార."

మా డబ్బాలో పంచదార నిండుగానే ఉంది. ఎదురింటి బెల్లు నొక్కాను.