ఉప్పునీళ్ళ సొరపాదు

మా బావి నీళ్ళు ఉప్పన. సముద్రం అంత దగ్గర. ఆ నీళ్ళు పోస్తే వంగ మాడిపోయేది, బెండ పసుపెక్కేది. సొరపాదు ఒక్కటే ఆ నీళ్ళే తాగి పందిరంతా అల్లుకునేది. పొట్టిగా, మెడ వంగి కాసే ఆ సొర అమ్మమ్మ కాలం నుంచీ మా ఇంటిది. దాన్ని ఇచ్చిన దేవుణ్ణి తలుచుకోకుండా అమ్మ ఒక్క పూటైనా కూర వడ్డించలేదు.

అరవైల మొదట్లో కూరగాయల పరిశోధన క్షేత్రం నుంచి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. ఊరూరా తిరిగి పాతరకాల విత్తనాలు సేకరించడం ఆయన పని. దాచి ఉంచితే ఉప్పు నేలలకు తగిన కొత్త రకాలు పుట్టించడానికి పనికొస్తాయట. పందిరి కింద నిలబడి, అప్పుడే దిగిన పిందెలను చూసి మురిసిపోయాడు.

"అమ్మా, ఈ తొలికాపులో రెండు కాయలు కోయకుండా తీగ మీదే ఎండనీండి. గింజ గట్టిగా ఉంటుంది."

"తొలికాపు కోతల పండక్కి చర్చికి పోవాల గదయ్యా," అంది అమ్మ.

"దేవుడికి మలికాపు ఇస్తే ఏమమ్మా?"

"బాగుండాదే! మీ ఇంటికొచ్చిన పెద్దాయనకు ఎంగిలి విస్తరి వేస్తారా?"

నాన్న అరుగు మీద నుంచి నవ్వాడు. "ఆమెతో వాదం పెట్టుకోబాకండి సార్. నేను మానుకొని చాన్నాళ్ళయింది."

తొలికాపు లేతగా కోసి చర్చిలో అర్పించాము. ఆ కాయల్ని చర్చివాళ్ళు వేలం వేస్తే, పాడుకున్నవాళ్ళు వండుకున్నారు. మలికాపు మాకూ, ఇరుగుపొరుగుకూ. తీగ ఎండే వేళకు చివర మిగిలిన గిడసబారిన కాయలే మాకెప్పుడూ విత్తనానికి. ఏటేటా పాదు నీరసించడం అమ్మ చూడకపోలేదు; ఎరువు చాలలేదనుకుంది. ఆ చివరి కాయల్లోనే ఒకటి ఆయనకూ ఇచ్చింది. ఊపి చూసి సంచిలో వేసుకున్నాడు.

మరుసటి ఏడు ఆయన వచ్చేసరికి మా పాదులో ఒక్క మొలకా లేదు.

"మా క్షేత్రంలోనూ మొలవలేదమ్మా. అన్నీ తాలు గింజలు. పక్కిళ్ళలో ఉంటాయేమో?"

"వాళ్ళు దాచుకోరయ్యా. ఏటా నేనే ఇచ్చేదాన్ని." అమ్మ ఆశగా అడిగింది: "మీకాడ బీరువాల్లో దాచిపెడతారంట గదా, ఇట్టాంటిది యాడన్నా ఉండదా?"

"దాచేదానికే గదమ్మా మీ దగ్గరికి వచ్చింది."

అమ్మ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. అంత ఎండలో వచ్చినందుకు ఆయన కోసం ప్రార్థన చేసింది. ఆయన తల వంచుకుని నిలబడి, తర్వాత ఖాళీ సంచి మడుచుకుని వెళ్ళిపోయాడు.

నాన్న గూడూరు నుంచి తెచ్చిన సొరవిత్తనాలు మొలిచి, నాలుగాకులు వేసి, మా నీళ్ళకు మాడిపోయాయి. పందిరి గుంజలు పీకి నాన్న పొయ్యిలోకి కొట్టాడు. బాగా ఎండిన కట్టె కదా, అన్నం తొందరగా ఉడికేది. దానికీ అమ్మ స్తోత్రం చెప్పింది. నేను ఆమేన్ అన్నాను.