వసిష్ఠుడి పక్కన ఇంకొకరు

ఆ రోజుల్లో, అంటే నిజాం రాజ్యం పోయి ఇంకా ఏడాది తిరగని రోజుల్లో, నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, సూర్యాపేట బడిలో లెక్కల సారు ఉద్యోగం, పైగా మేము 'కోదాడ సారు' అని పిలుచుకునే హెడ్మాస్టరు గారి ఇత్తడి దుర్భిణి మీద చనువు. (హైదరాబాదులో ఎవరో దొర వెళ్ళిపోతూ అమ్ముకున్న పాత సామాన్లలో కొన్నారట. ముందు అద్దం అంచున చిన్న పెచ్చు ఊడింది గానీ చూపు మాత్రం భేషుగ్గా ఉండేది.) సాయంత్రాలు బడి మిద్దె మీద దానితో చంద్రుడి గుంటలూ జంట నక్షత్రాలూ చూసీ చూసీ నాకు కళ్ళు నెత్తికెక్కాయి. పెళ్ళిళ్ళలో అయ్యగారు అరుంధతి అంటూ ఏ దూలం వైపో వేలు చూపిస్తాడు, పెళ్ళికూతురు తల ఊపుతుంది. నా పెళ్ళిలో అట్లా కుదరదనుకున్నాను. హెడ్మాస్టరు గారిని బతిమాలి దుర్భిణిని మిర్యాలగూడకు మోసుకుపోయాను.

మామగారిది వడ్ల వ్యాపారం. పెళ్ళైన సాయంత్రం వాళ్ళ మిద్దె మీద దుర్భిణి మూడు కాళ్ళూ నిలబెట్టి ముందుగా చంద్రుణ్ణి చూపించాను. పెళ్ళికూతురి నాయనమ్మ కన్ను ఆనించి, "అయ్యో, చంద్రునికి అమ్మవారు పోసిందా ఏంది!" అని చెంపలేసుకుంది. అందరూ నవ్వారు. నేను మరింత పొంగిపోయి దుర్భిణిని వసిష్ఠుడి మీదికి తిప్పాను. మళ్ళీ ముసలమ్మే ముందు చూసింది. "గీయన వసిష్ఠుడు. గాడ దూరంగ అరుంధతి. మరి గీయన పక్కన్నే ఆనుకొని ఇంకోటున్నది, గదెవరు?"

అయ్యగారు వంగి చూసి దగ్గాడు. (అరుంధతిని ఆయన చూడటం కూడా అదే మొదలని నా అనుమానం.) అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటానా? "అది జంట నక్షత్రం మామా. ఉత్త కంటికి ఒకటిగానే కనబడతది. వాళ్ళిద్దరు ఎప్పటికీ ఒకరి సుట్టూ ఒకరు తిరుగుతనే ఉంటరు" అన్నాను.

"మరి అరుంధతి?" అన్నారు మామగారు.

"ఆమె దూరంగనే ఉంటది."

నాయనమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఇన్నవా? పెండ్లినాడే గిట్ల సూపిస్తున్నడంటే సూర్యాపేటల ఎవరో ఉన్నట్టే. పిల్లను ఇప్పుడే తోలకు."

"జర ఆగుదాం. మనిషిని పంపి అర్సుకుంటె తప్పేంది?" అన్నారు మామగారు. మనిషి వచ్చి అడిగాడంటే, లేనిది కూడా ఉందని చెప్పేవాళ్ళు మా వీధిలో పదిమంది ఉన్నారు. పొద్దున్నే భార్యతో బస్సెక్కాల్సినవాణ్ణి, ఒంటరిగా పోయి, ఇంటి దగ్గరే ఉండిపోయిన అమ్మకు ఏం చెప్పను?

అంతవరకూ తలెత్తని పెళ్ళికూతురు వచ్చి దుర్భిణిలో చాలాసేపు చూసింది. "నాయినమ్మా, దగ్గరున్నదే అరుంధతి. ఉత్త కంటికి ఆనక ఇన్నేండ్లు దూరపుదాన్ని అనుకున్నరు. గా దూరమున్నామె ఎవరో సుట్టం."

ముసలమ్మ మళ్ళీ చూసింది. "గట్లనా! ఎంత దగ్గర కూసున్నదో సూడు, సల్లని తల్లి!" మామగారు హమ్మయ్య అని నవ్వారు. నేను మాత్రం "కాదు, పుస్తకంలో..." అని నోరు తెరిచాను. పెళ్ళికూతురు నా కాలు తొక్కింది. కొత్త మట్టెలు, బాగానే గుచ్చుకున్నాయి.

మర్నాడు బస్సులో ఇక ఆగలేకపోయాను. "రాత్రి నువ్వు చెప్పింది తప్పు. దూరంగ ఉన్నదే అరుంధతి" అన్నాను.

"నాకెర్కే" అంది తల వంచుకుని. "చిన్నప్పుడే మా అమ్మ సూపించింది. మీతోటి రావాలనిపించింది, అందుకే అట్లన్న."

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్ర లెక్కల సారు మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. అంత మాట ఆమె అంటే నేను చేసిందేమిటి? ఆ మూడు నక్షత్రాల్లో ఏది దేనికెంత దూరమో సూర్యాపేట వచ్చేదాకా వివరిస్తూ కూర్చున్నాను. పాపం, అంతా విన్నది.