మిరపకాయల ఘాటే అనుకున్నాం

మా చిన్నప్పుడు... మిరపకాయలు ఇంటికొచ్చాయంటే తిరువూరులో మా వీధి ఆడవాళ్ళందరి కళ్ళూ ఎర్రగానే ఉండేవి. వసారాలో గోనెపట్టాల మీద రాశి పోసుకుని తొడిమలు తీసేవాళ్ళు. తుమ్ములు, దగ్గులు, మధ్యమధ్య నవ్వులు...

మా అమ్మ మాత్రం కాస్త ఎడంగా, తన చేట తను పెట్టుకుని కూర్చునేది. ఆమె మోచేతుల మీద, మోకాళ్ళ మీద ఎర్రటి మచ్చలు, వాటిపైన రాలే తెల్లటి పొలుసులు. సోరియాసిస్ అనే పేరు అప్పట్లో మాకెవరికీ తెలియదు. అంటుకునేది కాదనీ తెలియదు. మండుటెండల్లోనూ మణికట్టు దాకా జాకెట్టు తొడుక్కునేది. ఆ చేతులంటే నాకూ నామోషీగానే ఉండేది... ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ ఏడు మిరపకాయలు బస్తాలకెక్కాయి, అందరి కళ్ళూ తేటపడ్డాయి. అమ్మ ఎడమ కన్ను ఒక్కటీ ఎర్రగానే ఉండిపోయింది. వెలుతురు చూడలేక కొంగు అడ్డం పెట్టుకుని వంట చేసేది.

"ఘాటు లోపలికి దిగిందే. చల్లదనం తగిల్తే అదే పోద్ది" అంటూ నాయనమ్మ కంటికి నందివర్ధనం పూలు కట్టింది. మూడు వారాలు కట్టింది పాపం, ఓపిగ్గా. మేమూ ఓపిగ్గానే చూశాం. అదే మేం చేసిన తప్పు.

చూపు మసకబారాక నాన్న మమ్మల్ని బెజవాడ బస్సెక్కించాడు. తోడుగా తొమ్మిదేళ్ళ నేను. దారిలో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కడ నా ఒంటి సంగతి ఎత్తమాకమ్మా. డాక్టరు చూశాడంటే కన్ను కూడా ముట్టుకోడు."

కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. "కంటి లోపల వాపుందమ్మా. ఒంటిమీద మచ్చలు గానీ, కీళ్ళనొప్పులు గానీ ఉన్నాయా?"

"ఏం లేవండి" అంది అమ్మ, జాకెట్టు చేతులు కిందికి లాక్కుంటూ.

ఆయన నావైపు తిరిగి, "నిజమేనా పాపా?" అన్నాడు.

తలూపాను.

చుక్కల మందుతో ఆ విడత తగ్గింది. తర్వాత మళ్ళీ వచ్చింది... మళ్ళీ... ప్రతిసారీ కన్ను చూపించాం, ఒళ్ళు దాచాం. చివరికి ఆ కంటి చూపు పోయింది. ఒంటిమీది ఆ జబ్బే కంట్లోనూ వాపు తేవచ్చని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. చెప్పి ఉంటే నిలిచేదో లేదో నాకు తెలియదు. ఆ తలూపడాన్ని మాత్రం ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాను. అలసిపోయాను.

ఇప్పుడా పొలుసులు నా మోచేతులకీ వచ్చాయి. పోయిన నెల నా కన్నూ ఎర్రబడింది. ఇంట్లో మిరప రాశుల్లేవు, నందివర్ధనం చెట్టూ లేదు, వంక పెట్టుకోవడానికి ఏమీ లేదు. కంటి డాక్టరమ్మ అడక్కముందే జాకెట్టు చేతులు పైకి మడిచి, మోచేతులు బల్లమీద పెట్టాను. "మా అమ్మకీ ఉండేవండి" అన్నాను.

ఆమె నా మోచేతిని ముట్టుకుని చూసింది. అంతే... నాకు ఏడుపొచ్చేసింది.

మీ ఇంట్లోనూ ఇలా దాచమన్న జబ్బులు ఉండేవా? ఎవరు దాచమన్నారో, ఎవరు తలూపారో... చెప్పండి, వింటాను.