అన్న నడవాలో నిలబడితే

కలోలైనెను, సెఫనాయాను ఒకే బల్ల దగ్గర చేర్చింది సేలు అత్త. కాలేజీ మొదలైన రోజున ఇద్దరినీ తన వ్యానులో దింపుతూ ఆవిడ చెప్పింది ఒక్కటే మాట.

"చెల్లి ఎక్కడుంటే నువ్వక్కడ. కుర్రాళ్లెవరూ దాని పక్కన చేరకుండా చూసుకో. విన్నావా?"

"విన్నానత్తా," అన్నాడు సెఫనాయా.

"అక్కడ అందరూ చేతుల్లో కత్తులు పట్టుకుని శవాలను కోస్తూ ఉంటారత్తా. నా పక్కన చేరే తీరిక ఎవడికుంటుంది?" అంది కలోలైనె వెనక సీట్లోంచి.

"చేతులకు పనుంటే నోరు ఊరుకుంటుందా ఏం?"

మేనత్త మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. కలోలైనె తండ్రి చర్చిలో పెద్దమనిషి, నలుగురికీ బుద్ధులు చెప్పేవాడు. అయినా అక్క వచ్చి కుర్చీలో కూర్చుంటే ఆయన చాప మీదికి దిగిపోయేవాడు. అందుకని మొదటి క్లాసులోనే సెఫనాయా టీచరు దగ్గరికి వెళ్లి, తనను చెల్లెలి బల్ల దగ్గరే వేయమని అడిగాడు. డాక్టర్ టలీ సరేనంది. అన్నాచెల్లెళ్లు కలిసి చదువుకుంటారంటే ఎవరు మాత్రం కాదంటారు?

సెఫనాయా ఆమె పెదనాన్న కొడుకు. సొంత దీవి వవావు నుంచి స్కాలర్‌షిప్ మీద ఆక్లాండ్ వచ్చి, మాంగెరెలో వాళ్లింట్లోనే ఉంటున్నాడు. ఇంట్లో అంటే గ్యారేజీలో. ఈడొచ్చిన మగపిల్లల పడక అక్కడే. అక్కచెల్లెళ్ల గదుల వైపు వాళ్లు తొంగిచూడరు. టీవీలో సినిమా నడుస్తూ తెర మీద ఇద్దరు కాస్త దగ్గరికి జరిగితే చాలు, సెఫనాయా లేచి "కారు చూసొస్తా" అని బయటికి వెళ్లిపోయేవాడు. ఆ కారుకు ఇంజనే లేదు. అది లేదని అందరికీ తెలుసు. అయినా అతను వెళ్లేవాడు, మిగిలినవాళ్లు వెళ్లనిచ్చేవారు. ఆడతోబుట్టువు ముందు ఒంటి సంగతి ఏదీ మాటల్లోకి రాకూడదు. వస్తే అవమానం ఆమెది, తప్పు అతనిది.

ఇంత మర్యాద ఎరిగిన ఇంట్లో అనాటమీ అంటే ఒళ్లంతా అని ఎవరికీ తట్టలేదు. ఎముకలనుకున్నారు.

మొదట్లో నిజంగా ఎముకలే. భుజం, మోచేయి, అరచేయి. తర్వాత ఛాతీ. తన దేహాన్ని కాలేజీకి రాసిచ్చిపోయిన ఒక ముసలాయన ఆ బల్ల మీద ఉండేవాడు. క్లాసు మొదలయ్యే ముందు సెఫనాయా తల వంచి పెదవులు కదిలించేవాడు. కలోలైనె చేతి తొడుగులు వేసుకునేది. ఆమె చేతుల్లో తొందర ఉండేది కాదు. సన్నని నరాన్ని కొవ్వులోంచి తెగకుండా విడదీయడంలో బల్ల దగ్గరున్న అందరికంటే ఆమెదే పైచేయి. ఆమెకు ఫిజియోథెరపిస్టు కావాలని ఉండేది. చర్చి రగ్బీ జట్టులో భుజం జారినవాళ్లనూ, మోకాలు మెలిపడినవాళ్లనూ చూస్తూ పెరిగింది. నొప్పి ఎక్కడ పుడుతుందో ఇప్పుడు తొడుగుల వేళ్లతో ముట్టుకుని చూస్తోంది. ఫిజియో సీటుకు మొదటి ఏడాదిలోనే అనాటమీ, కణజీవశాస్త్రం రెండూ గట్టెక్కాలి. సెఫనాయా కోరుకున్న డాక్టరు సీటుకూ అంతే.

"మీ అన్నయ్య నీకు బాడీగార్డా?" అని అడిగింది అదే బల్ల దగ్గరున్న జొడీ అనే అమ్మాయి.

"అత్త పెట్టిన కాపలా."

"మరి నన్నెందుకు చూడడు? నాకూ కాస్త కాపలా కావాలి."

సెఫనాయా చెవులు ఎర్రబడ్డాయి. కలోలైనె నవ్వు ఆపుకోవడానికి పక్కటెముకలు లెక్కపెట్టింది.

అలా పైనుంచి కిందికి దిగుతూ వచ్చిన పాఠం పొట్ట దాటింది. ఆ రోజు డాక్టర్ టలీ గోడ మీది తెరలన్నీ వెలిగించి, "ఈవాళ్టి నుంచి కటి భాగం. లోపలివీ బయటివీ అన్నీ. సిగ్గుపడే పనేం లేదు, అందరికీ ఉన్నవే," అంది.

గదిలో నవ్వులు లేచాయి. కలోలైనె తల తిప్పేసరికి పక్కన సెఫనాయా లేడు. తలుపుకున్న అద్దంలోంచి అతని వీపు కనిపించింది. నడవాలో గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్లాసు అయ్యేదాకా అలాగే ఉన్నాడు. కాపలా మాత్రం మానలేదు.

తర్వాతి క్లాసులోనూ అంతే. ఆ తర్వాతా అంతే. డాక్టర్ టలీ పిలిచి అడిగితే "తల తిరుగుతోంది మేడమ్" అన్నాడట.

"కొండలా ఉన్నాడు, శవాన్ని చూసి బెదిరిపోయాడు," అంది జొడీ. "ఛాతీ కోసినప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?"

కలోలైనెకు సంగతి తెలుసు. అందరూ పిరికివాడనుకున్నా సరే, అతను అసలు కారణం చెప్పడు. చెబితే ఆ మాటలోకి ఆమె పేరు కూడా వస్తుంది. "లోపలికి రా అన్నయ్యా" అని ఆమె అనలేదు. అంటే లోపల ఏముందో పైకి చెప్పినట్టే అవుతుంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చెరో వైపు చూసేవారు. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష పోతే స్కాలర్‌షిప్ పోతుంది. అది పోతే సెఫనాయా తిరిగి వవావు వెళ్లాల్సిందే.

ఆమే వెళ్లి డాక్టర్ టలీకి చెప్పింది. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"ముందే చెప్పొచ్చుగా? కలిసి ఉంటామని మీరే కదా అడిగారు."

"అత్త చెప్పిందని అడిగాం. పాఠం ఇంత కిందికొస్తుందని మాకు తోచలేదు."

"బల్ల మారిస్తే?"

"గది ఒక్కటే కదా మేడమ్. తెరలు, మైకు అందరికీ అవేగా."

డాక్టర్ టలీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. గురువారం బ్యాచిలో ఒక్క చోటు ఉంది. కానీ ఆ వేళకే కణజీవశాస్త్రం ప్రయోగశాల. అందులో చేరితే కణజీవశాస్త్రం వదలాలి. ఇద్దరిలో ఎవరు కదిలినా రెండు సబ్జెక్టుల్లో ఒకటి పోతుంది, దానితోపాటే సీటూ పోతుంది. ఎవరూ కదలకపోతే సెఫనాయా నడవాలోనే ఉంటాడు.

ఆ శనివారం సేలు అత్త వంటింట్లో చేమ ఆకుల్లో మాంసం మూటలు కడుతోంది. కలోలైనె కొబ్బరి పాలు పోస్తూ సంగతి చెప్పింది. ఏ భాగమో చెప్పలేదు. "పొట్ట కింద" అని ఊరుకుంది.

అత్త చేతిలోని ఆకు జారిపోయింది. "అయ్యో నా బుర్ర! ఇద్దర్నీ నేనే కదే తీసుకెళ్లి అక్కడ కట్టేసింది."

"నీకేం తెలుసత్తా."

"తెలియకపోవడమేంటే, నలుగుర్ని కన్నదాన్ని. ఆ దేవుడు మనుషుల్ని బొడ్డు దాకా చేసి ఊరుకున్నా పోయేది." కాసేపు మూటలు కట్టింది. "నేను చెబితే వాడు లోపలికొస్తాడు. నా మాట తీసెయ్యడు. చెప్పనా?"

కలోలైనె ఆలోచించింది. అత్త చెబితే వస్తాడు. తల వంచుకుని ఆమె పక్కన నిలబడతాడు. ఒక్క భాగం పేరూ పలకలేడు, ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేడు. ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆమె మొహం చూడలేడు.

"వద్దత్తా."

"మరి?"

"నేను మానేస్తా."

"నువ్వెందుకు మానాలే? ఆడపిల్లవి, మనలో అన్నకంటే పైనున్నదానివి. తప్పుకోవాల్సింది వాడు."

"తప్పుకునే ఉన్నాడు కదత్తా. అదే కదా గొడవ."

అత్త పెద్ద మూట ఒకటి కట్టి, అది కలోలైనెకని గుర్తుగా దాని మీద రెండో ఆకు చుట్టింది.

గ్యారేజీ తలుపు బయట నిలబడి కలోలైనె అతన్ని పిలిచింది. లోపల రేడియో ఆగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"అన్నయ్యా, సోమవారం నుంచి నువ్వు లోపలికెళ్లు. నేనుండను."

"ఎక్కడికెళ్తావమ్మా?"

"ఎక్కడికీ వెళ్లను. అనాటమీ వదిలేస్తున్నా. కణాల క్లాసు ఉంచుకుంటా."

లోపల మంచం కిర్రుమంది.

"నేనే మారతా. నీ ఫిజియో ఏమవుతుంది?"

"నువ్వు మారితే స్కాలర్‌షిప్ ఎవరిస్తారు, ఆ ఇంజను లేని కారా?"

లోపల నవ్వులాంటిదొకటి వినిపించి ఆగిపోయింది. "అడగాల్సింది నేను కాదమ్మా," అన్నాడు.

"నువ్వేం అడగలేదులే. పడుకో."

సోమవారం ఆమె తన తొడుగుల పెట్టె జొడీకి ఇచ్చేసింది. సెఫనాయా లోపలికి వెళ్లాడు. ఆమె నడవాలో నిలబడలేదు. నేరుగా బస్సెక్కింది.

ఫిజియో సీటు రాలేదు. రాదని తెలిసినా ఫలితాల రోజున ఒకసారి చూసుకుంది. తర్వాత మూడేళ్లు ప్రయోగశాల శాస్త్రం చదివింది. కణాలు ఆమెకు వెంటనే నచ్చలేదు. చేతికి తగిలేదేమీ లేదు, మైక్రోస్కోపు కింద గాజు పలక మీది గులాబీ, ఊదా మరకలు తప్ప. మెల్లగా కన్ను అలవాటుపడింది. మంచి కణంలో కేంద్రకం తన చోట చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. చెడుతున్న కణంలో అది ఉబ్బి చుట్టూ ఉన్న చోటంతా ఆక్రమిస్తుంది. నరాన్ని విడదీసినప్పటి నిదానమే ఇక్కడా పనికొచ్చింది. ఆడవాళ్ల గర్భసంచి ముఖద్వారం నుంచి తీసిన కణాలను చూసే ల్యాబులో ఉద్యోగం వచ్చింది.

"ఏం ఉద్యోగమే అది?" అని చర్చిలో ఆడవాళ్లు అడిగితే "గాజు పలకలు చూస్తుంది" అని చెప్పేది సేలు అత్త. ఏ గాజు పలకలో చెప్పేది కాదు. యంత్రాలు వచ్చాక చూడాల్సిన పలకలు తగ్గాయి, ల్యాబులో మనుషులూ తగ్గారు. కలోలైనె మిగిలింది.

సెఫనాయా డాక్టరై మాంగెరెలోనే క్లినిక్‌లో కుదురుకున్నాడు. పెళ్లి చేసుకుని గ్యారేజీ ఖాళీ చేశాడు. ఆదివారాలు అందరూ సేలు అత్త ఇంట్లో తినేవారు. అన్నాచెల్లెళ్లు పనుల గురించి మాట్లాడుకునేవారు కాదు.

ఒక మధ్యాహ్నం కలోలైనె చూసిన పలకలో కణాలు బాగాలేవు. పైవాళ్లూ చూసి అవునన్నారు. అంత చెడ్డ ఫలితాన్ని కాగితం మీద పంపి ఊరుకోకూడదు, డాక్టరుకే ఫోనులో చెప్పాలి. క్లినిక్ పేరు చదివి ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ క్లినిక్‌లో రోజూ ఫోను తీసేది నర్సు, కానీ ఆ రోజు నర్సు సెలవు.

"డాక్టర్ సెఫనాయా."

"ల్యాబు నుంచి. నేను కలోలైనెను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. లేచాడని ఆమెకు తెలిసింది. తలుపు చప్పుడు కోసం ఎదురుచూసింది.

తలుపు చప్పుడు కాలేదు. "చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. రోగి పేరు, పుట్టిన తేదీ, ఎక్కడి నుంచి తీసిన కణాలో, వాటిలో ఏం కనిపించిందో, అది ఎంతవరకు పాకి ఉండొచ్చో. ఏ మాటనూ దాటవేయలేదు. అతను మధ్యలో ఒక్కసారి ఆపాడు.

"ఆ మాట మళ్లీ చెప్పు. రాసుకుంటున్నా."

మళ్లీ చెప్పింది. నిబంధన ప్రకారం అతను మొత్తం తిరిగి చదివి వినిపించాలి. వినిపించాడు. ఎక్కడా ఆగలేదు.

"ఆ రోగి రమ్మంటే ఒక్కతే రాదు. తోడుగా అత్తను పంపుతా," అన్నాడు చివర్లో.

"సరే అన్నయ్యా."

ఆ ఆదివారం భోజనాలప్పుడు టీవీలో ఏదో సినిమా వస్తోంది. తెర మీద ఇద్దరు దగ్గరికి జరిగారు. సెఫనాయా పళ్లెం కింద పెట్టి, కారు చూసొస్తానని లేచాడు. ఈ సారి కారు కొత్తదే, ఇంజను ఉంది.

కలోలైనె అతని పళ్లెం మీద మరో పళ్లెం బోర్లించి తన తిండి తాను తిన్నది.