చెల్లెలి రవికె కొలత

చచ్చిపోయాక ఏమవుతుందని జనం అనుకుంటారో దాని మీద డాక్యుమెంటరీ తీస్తానంటూ, చెన్నై నుంచి ఒకమ్మాయి కెమెరా పట్టుకుని కోవిల్‌పట్టి దగ్గర మా ఊరికి వచ్చింది. అడిగేవన్నీ తిక్క ప్రశ్నలే. అక్కడ ఆకలేస్తుందా? దోమలుంటాయా? జన్మంతా నల్లరేగడి దున్నిన పక్కింటి మామ, "ఆడ మన్ను కాళ్లకంటుకోకుంటే సాలు తల్లీ" అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది.

తర్వాత ఆ అమ్మాయి చూపు మా ఇంటి దూలానికి వేలాడే తాటాకు పెట్టె మీద పడింది. అది మా చెల్లెలిది. మూడో క్లాసులో ఉండగా జ్వరమొచ్చి చనిపోయింది. బట్ట కాస్త బిగుతైతే చాలు, ఇల్లు పీకి పందిరేసే రకం. పెళ్లి కాకుండా పోయిన ఆడపిల్లను మావాళ్లు ఇంటి దేవతగా నిలుపుకుంటారు. ఏటా ఆ పెట్టెలో కొత్త పావడా, రవికె, కాస్త వేరుశనగల కడలమిట్టాయి పెట్టి మొక్కుతాం. పాత జత ఊళ్లో ఆ ఈడు పిల్లకు ఇచ్చేస్తాం.

బయటివాళ్లతో అమ్మ తమిళమే మాట్లాడుతుంది. చెల్లెలి సంగతికొస్తే మాత్రం తెలుగు తప్ప నోట రాదు. ఆమె చెబుతుంటే నేను తమిళంలో చెప్పాను. అమ్మ పెట్టె దించి తీసిన పావడా చూసి, ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది.

"ఇన్నేళ్లూ ఇదే సైజా? అక్కడ పిల్లలు పెరగరా?"

ఆ తమిళం ముక్కను అమ్మకు నేను తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది. అమ్మ చేతిలో పావడా సగం మడతలో ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇక చాలు, కెమెరా కట్టెయ్యమన్నాను. అడిగినదాన్ని అని ఏం లాభం, మాట ఇంట్లోకి వచ్చేసింది.

ఆ రోజు నుంచి అమ్మకు అన్నం సహించలేదు.

"తొడుక్కోను గుడ్డ పట్టక, బిడ్డ యాడ ముడుక్కోని కూచుందో."

"దేవతలు పెరగరు లేమ్మా" అన్నాను.

"నీకు దేవతేమో. నాకు బిడ్డ."

ఆ ఏడు మొక్కు దగ్గరపడగానే, విరుదునగర్‌లో కాపురముంటున్న నన్ను పిలిపించింది. అప్పటికే చీర కొని ఉంచింది. చిలకపచ్చ నూలు చీర, సన్నంచు. నన్ను కోవిల్‌పట్టి బజారులో టైలరు దగ్గరికి తీసుకెళ్లి, చిన్న కూతురికి రవికె కుట్టాలని తమిళంలోనే అంది.

"ఆమెనే తీసుకురాకూడదా?" అన్నాడాయన.

"దూరంలో ఉంది. దీని కొలతే తీసుకోండి."

నేను చేతులెత్తి నిలబడ్డాను. ఆయన టేపు చుట్టి రాసుకున్నాడు.

"కాస్త వదులుగా కుట్టండి, బిగుతైతే దానికి పడదు" అంది అమ్మ.

"ఎంత వదులు?"

అమ్మ నా వైపు తిరిగి, తెలుగులో మెల్లగా అడిగింది.

"ఇప్పుడు అది సన్నంగుందో, లావుగుందో. నీకేమైనా తెలుసునా?"

"నా మాదిరే ఉందమ్మా" అన్నాను.