తడి ఆరని ముఖం

1997లో హిందూపురంలో నా పెయింటింగ్ షాపుకు పనికేం కొదవ లేదు. చిన్న ఫోటో తెచ్చిస్తే చూసి ఆయిల్ కలర్స్‌లో పెద్ద పటం వేసిచ్చేవాణ్ణి. వచ్చేవన్నీ పోయినవాళ్ల ఫోటోలే. మా వైపు బతికున్న మనిషికి అలాంటి పటం ఎవరూ వేయించరు.

రోజూ అవే ముఖాలు వేసి చెయ్యి మొద్దుబారుతోందని, సాధన కోసం ఒక పాత ప్రసిద్ధ చిత్రాన్ని చూసి వేయడం మొదలుపెట్టాను. కిటికీ దగ్గర కూర్చుని పూలు కడుతున్న స్త్రీ. ముందు మట్టిరంగుతో వెలుగునీడలు వేసుకోవాలి, దాన్ని అండర్‌పెయింటింగ్ అంటాం. చీర, చేతులు బాగానే వచ్చాయి. నా దగ్గరున్న ప్రింటులో ముఖం మాత్రం అలుక్కుపోయింది. అందుకని మా ఆవిడ సరోజను కూర్చోబెట్టి ఆమె ముఖమే వేశాను. అప్పుడామెకు నెలలు నిండుతున్నాయి.

కాన్పుకు ధర్మవరం తీసుకుపోవడానికి వచ్చిన మా అత్త ఆ బొమ్మ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమప్పా, బతికుండే మనిషికి ఎవురన్నా ఇట్లా పటం రాస్తారా? కడుపుతో ఉండాది బిడ్డ. తుడిచెయ్యప్పా."

"ఉత్త సాధన బొమ్మ అత్తా అది," అని నవ్వేశాను.

సరోజ ధర్మవరం పోయి వారం తిరక్కుండానే పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, అక్కకు ఫిట్స్ వచ్చినాయి. అనంతపురం పెద్దాసుపత్రికి తీసకపోతాండాం. నువ్వు నేరుగా ఆడికే రా."

షాపు మూయబోతూ ఆ ముఖం చూశాను. అత్త మాట గుర్తొచ్చింది. ముందురోజు దిద్దిన రంగు ఇంకా తడిగానే ఉంది. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో ఒక్కసారి రుద్దితే పోతుంది. గుడ్డ తడిపాను. చెంప దాకా తీసుకుపోయాక అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. ఆమె ముఖాన్ని నా చేత్తో నేనే చెరిపేయాలా? గుడ్డ పారేసి బస్టాండుకు పరుగెత్తాను.

బస్సు పెనుకొండలో ఆగింది. అత్త మాటే నిజమైతే? దిగి వెనక్కి పోయి తుడిచేద్దామని లేచాను కూడా. ఇంతలో బస్సు కదిలింది. అనంతపురం చేరేదాకా మళ్లీ సీట్లో కూర్చోలేదు.

తల్లీబిడ్డా దక్కారు. మరునాడు తెలివొచ్చాక సరోజ నన్ను అడిగిన మొదటి మాట, "నా మొగం తుడిచేసినావా?"

"లేదు."

"అమ్మ చెప్పింది గదా?"

"చెయ్యి రాలేదు."

"కొప్పు మాత్రం తుడిచి మళ్లా ఎయ్యి. ఏం బాగలేదు," అంది. నేను నవ్వబోయి ఏడ్చేశాను.

అంతవరకు, పోలిక కుదరలేదని పోయినవాళ్ల ఇంటివాళ్లంటే వాళ్ల ముందే ముఖం తుడిచేసి మళ్లీ వేసేవాణ్ణి. ఆ తర్వాత అలాంటప్పుడు వాళ్లను టీ తాగి రమ్మని పంపేవాణ్ణి. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా గుడ్డ ముట్టుకునేవాణ్ణి కాదు.